ఒక చెంబుడు నీళ్లు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, సంఘం కార్యవర్గానికి, పొద్దున్నే వచ్చి వంటగదిలో నిలబడి మనందరికీ పులిహోర కలిపిన అక్కయ్యలకు, వదినలకు నమస్కారాలు. ఈ హాలు ఇప్పించిన లైబ్రరీ వాళ్లకు కూడా.

"పాత అమెరికన్ కారును వెతికి కొనుక్కుని బాగుచేసుకోవడం ఎలా" అనే అంశం మీద ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. ఎనిమిది పాయింట్లు రాసుకొచ్చాను. అన్నీ చెబుతానో లేదో తెలియదు. ఒకటి మాత్రం చెప్పకుండా ఈ మైకు వదలను.

ముందు ఒక కథ చెబుతాను. మనం ఉంటున్నది మిచిగన్‌లో. ఇక్కడి నుంచి డియర్‌బార్న్ ఎంత దూరం? అక్కడి హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఒక తెల్ల మస్టాంగ్ ఉంది. మస్టాంగ్ అంటే ఫోర్డ్ కంపెనీ కారు, ఇది పైకప్పు మడిచే కన్వర్టిబుల్ రకం. మనవాళ్లు చుట్టాలు వచ్చినప్పుడల్లా ఆ మ్యూజియానికి తీసుకెళతారు, ఆ కారు ముందు ఫొటో దిగుతారు, ఫ్యాక్టరీలో దాని మీద కొట్టిన నంబరు మాత్రం చదవరు. 5ఎఫ్08ఎఫ్100001. మొదటి 5 అంటే 1965 మోడల్. ఎఫ్ అంటే డియర్‌బార్న్ ఫ్యాక్టరీ. 08 అంటే కన్వర్టిబుల్. రెండో ఎఫ్ అంటే 260 క్యూబిక్ అంగుళాల వి8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్. 100001 అంటే వరసలో మొట్టమొదటి నంబరు. ప్రదర్శన కోసం కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్‌కు పంపిన ఆ బండిని, అక్కడి డీలరు స్టాన్లీ టక్కర్ అనే విమాన పైలట్‌కు అమ్మేశాడు. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి ఫోర్డ్ కంపెనీ 1966లో ఆయనకు ఒక కొత్త మస్టాంగ్‌ని ఇచ్చింది.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, పాత బండి కొనేవాళ్లు మొదట నేర్చుకోవలసిన చదువు ఆ నంబరే. మస్టాంగ్‌లో బానెట్ ఎత్తితే డ్రైవరు వైపు లోపలి రేకు మీద కొట్టి ఉంటుంది. టైటిల్ కాగితంలో, అంటే బండి యజమాని ఎవరో చెప్పే కాగితంలో ఉన్న నంబరూ, రేకు మీది నంబరూ ఒక్కటి కాకపోతే ఆ బండి జోలికి వెళ్లకండి. నంబరులో టి అని ఉందంటే ఆ కారు ఫ్యాక్టరీ నుంచి ఆరు సిలిండర్ల ఇంజన్‌తో వచ్చిందని. వి8 అని చెప్పి చూపిస్తే చక్రాల బోల్టులు లెక్కపెట్టండి. ఆరు సిలిండర్ల బండికి చక్రానికి నాలుగు, వి8కి ఐదు. ఇంజన్ ఒక్కటి మార్చి, బ్రేకులూ వెనక యాక్సిలూ పాతవే వదిలేసిన బళ్లు చాలా తిరుగుతుంటాయి.

నా బండి నంబరు 6ఆర్07టితో మొదలవుతుంది. 1966 మోడల్, రెండు తలుపుల హార్డ్‌టాప్, 200 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజన్, 120 హార్స్‌పవర్. ఆర్ అంటే కాలిఫోర్నియాలోని శాన్ హోసే ఫ్యాక్టరీ. ఆ ఒక్క ఆర్ అక్షరం చూసి మోసపోయాను. 2017లో ఒహాయోలో ఒకాయన "ఇది అరిజోనా బండి, మంచు ముఖం చూడలేదు" అన్నాడు. పడమటి ఫ్యాక్టరీ బండి కదా, నిజమే అనుకున్నాను. ఆ అక్షరం బండి ఎక్కడ పుట్టిందో చెబుతుంది గానీ ఎక్కడ బతికిందో చెప్పదు. 7,500 డాలర్లు ఇచ్చి ట్రైలర్ మీద ఇంటికి తెచ్చుకున్నాను. పైన మెరిసే ఎర్ర రంగు, లోపల కొత్త కార్పెట్. నేను చూసింది ఆ రెండే.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. డెట్రాయిట్ నేల కింద సుమారు 1,200 అడుగుల లోతున ఉప్పు గని ఉందని మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూశారా, నలుగురే. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పును అక్కడ తవ్వుతారు. కార్లు పుట్టిన ఊరి కిందే కార్లను తినే ఉప్పు ఉంది. అందుకే ఈ చుట్టుపక్కల దొరికే పాత బండి అడుగు చూడకుండా ఎవరూ డబ్బు తీయకూడదు. అయితే నా బండిని తిన్నది కింది నుంచి వచ్చిన ఉప్పు ఒక్కటే కాదు. పైనుంచి వచ్చిన వాననీళ్లు కూడా.

తెచ్చిన వారానికి కార్పెట్ ఎత్తాను. కింద ఫైబర్‌గ్లాస్ గుడ్డ, దాని మీద తారు, దాని మీద ఇంకో రేకు ముక్క రివెట్లతో. స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే గ్యారేజ్ నేల కనపడింది. సరే, తప్పు నాది, చూసుకోలేదు, అనుకుని ఒక షాపులో ఇచ్చాను. పేరు చెప్పను, చెప్పడం వల్ల లాభం లేదు. పదకొండు నెలలు పెట్టుకున్నారు. 6,200 డాలర్లు తీసుకున్నారు. కొత్త ఫ్లోర్ రేకులు వేశారు, శుభ్రంగా వెల్డ్ చేశారు, నల్ల రంగు కొట్టారు. నేను తడిసిన రేకు ఫొటోలు తీసి మరీ ఇచ్చాను. ఆ తడి ఎక్కడి నుంచి వచ్చిందని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. పదకొండు నెలల్లో ఒక్కరు కూడా. ఇంటికి తెచ్చిన తర్వాత మొదటి వానకి కొత్త ఫ్లోర్ మీద నీళ్లు నిలిచాయి. ఫోన్ చేస్తే "వెదర్ స్ట్రిప్ అయ్యుంటుంది" అన్నారు, అంటే తలుపుల అంచున ఉండే రబ్బరు పట్టీ. వెదర్ స్ట్రిప్పులు మార్చాను. మళ్లీ నీళ్లు. ముందద్దం రబ్బరు మార్చాను. మళ్లీ నీళ్లు. ఇప్పటికీ తలచుకుంటే కడుపు మండుతుంది. డబ్బు గురించి కాదు. కొత్త రేకు కళ్లముందే తుప్పు పడుతుంటే చూడటం ఎలా ఉంటుందో, చేత్తో పనిచేసిన వాళ్లకి తెలుస్తుంది.

2019 మేలో మా నాన్న వచ్చారు. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టిన మేస్త్రీ. ముప్పై ఎనిమిదేళ్లు అదే పని. అమెరికా రావడం అదే మొదటిసారి. రెండో రోజు పొద్దున్నే గ్యారేజ్‌లోకి వచ్చి, బండి చుట్టూ తిరిగారు. వేలి మెటికతో రేకు మీద కొడుతూ తిరిగారు. మంచి రేకు టంగుమంటుంది, పుట్టీ ఉన్నచోట మొద్దుగా పలుకుతుంది. కొట్టుకుంటూ వచ్చి ముందద్దం దగ్గర ఆగి, లోపల కూర్చుని, డాష్‌బోర్డ్ కిందికి చెయ్యి పెట్టి పైకి తడిమారు. వేళ్లు ఎర్రగా బయటికొచ్చాయి. "ఒరేయ్ అబ్బాయ్, ఒక చెంబుడు నీళ్లు పట్రా" అన్నారు.

దేవుడి గదిలో ఉన్న రాగి చెంబు తెచ్చాను. వైపర్ల కింద, అద్దానికీ బానెట్‌కీ మధ్య రేకులో సన్నటి చీలికలు ఉంటాయి. నన్ను లోపల పడుకుని పైకి టార్చ్ వేసి చూడమన్నారు. ఆయన బయట నిలబడి ఆ చీలికల్లో మెల్లగా, అభిషేకం చేసినట్టు పోశారు. చెంబు సగం కాకముందే నా ముఖం మీద నీళ్లు పడ్డాయి.

ఏడాదిన్నర తిప్పలు. రెండు నిమిషాల్లో తేలిపోయింది. నాన్న ఒకటే అన్నారు. "ఇల్లు కారుతుంటే చూరు ఎక్కాలి గానీ, కింద అలుకుతూ కూర్చుంటారా?"

నేను చెప్పకుండా మైకు వదలనన్నది దీని గురించే. దాన్ని కౌల్ అంటారు. 1965, 66 మస్టాంగ్‌లలో ముందద్దం కింద అడ్డంగా ఒక పెట్టె ఉంటుంది. పైరేకు, కిందిరేకు కలిపి స్పాట్ వెల్డ్ చేసిన, అంటే చుక్కలు చుక్కలుగా అతికించిన పెట్టె. చీలికల్లోంచి గాలీ, వాననీళ్లూ రెండూ అందులోకి వస్తాయి. నీళ్లు రెండు చివరలకీ పోయి ముందు ఫెండర్ల, అంటే ముందు చక్రాల మీది రేకుల వెనక నుంచి నేల మీద పడాలి. గాలి మాత్రం కిందిరేకులో ఉన్న రెండు రంధ్రాల ద్వారా లోపలికి రావాలి. నీళ్లు అందులో పడకుండా ఆ రంధ్రాల చుట్టూ బావికి ఒర కట్టినట్టు రేకుతో గట్టు పెట్టారు. ఆలోచన మంచిదే. కానీ చెట్టు కింద ఆపిన బండిలో ఆకులు ఆ గట్టు చుట్టూ చేరి, కుళ్లి, ఏళ్ల తరబడి తడిగా ఉంటాయి. మూసిన పెట్టె కాబట్టి లోపలికి రంగు సరిగా అందదు, చెయ్యీ పట్టదు. గట్టు మొదలు తుప్పు పట్టి చిల్లు పడుతుంది. అక్కడి నుంచి నీళ్లు కార్పెట్ కిందికి దిగుతాయి. పైకి ఏమీ కనపడదు. అందుకే అందరూ నేల మారుస్తారు, చూరు చూడరు.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. ఇంకో ఐదు నిమిషాలు దయచేసి ఇవ్వండి.

బాగుచేయడం ఎలాగో చెబుతాను. బానెట్, రెండు ఫెండర్లు, వైపర్లు, ముందద్దం అన్నీ తీయాలి. పైరేకు పట్టుకున్న స్పాట్ వెల్డ్‌లు ఒక్కొక్కటీ వెతికి, దానికని వచ్చే కట్టర్‌తో, కిందిరేకు చిల్లు పడకుండా తీయాలి. వంద దాటాక నేను లెక్కపెట్టడం మానేశాను. పైరేకు ఎత్తిన రోజున లోపల కనపడింది చూసి నాన్న, నేను చాలాసేపు మాట్లాడుకోలేదు. అక్కడ కూడా ఫైబర్‌గ్లాసే. కార్పెట్ కింద కప్పినాయనే కాబోలు, చీలికల్లోంచి తారు కూడా పోశాడు. అంటే అతనికి తెలుసు. తెలిసి, దాచి, రంగు వేసి అమ్మాడు.

అన్నయ్యలూ, అక్కయ్యలూ, మీలో ఎవరైనా రేపు మీ బండి అమ్మితే ఇలా చేయకండి. చిల్లు ఉంటే ఉందని చెప్పండి. ఫొటో తీసి కాగితాలతో పాటు ఇవ్వండి. ధర తగ్గితే తగ్గనివ్వండి. ఒక్కడు దాచిన చిల్లుకి ఆ తర్వాత వచ్చినవాళ్లందరూ కట్టుకుంటూ పోవాలి. నేను నా బండి ఫొటోలు రెండు వందలకు పైగా ఆల్బమ్‌లో పెట్టాను. ఆ ఆల్బమ్ బండిలోనే ఉంటుంది.

నాన్న అక్టోబర్‌లో వెళ్లిపోయారు, పని సగంలో ఉంది. 2020లో రాకపోకలు ఆగిపోయాయి కదా. మనకు రాత్రి తొమ్మిదయితే విజయవాడలో పొద్దున్న ఆరున్నర. ఆయన కాఫీ తాగే వేళకు ఫోన్ గ్యారేజ్‌లో స్టూలు మీద నిలబెట్టేవాణ్ణి. ఆయన బొమ్మ చూసేవారు కాదు, వినేవారు. సుత్తి దెబ్బ విని "రేకు సాగుతోంది, ఆపు" అనేవారు. మిగ్ వెల్డింగ్ చప్పుడు విని "వేడెక్కింది, వదిలి ఇంకోవైపు పట్టు" అనేవారు. కొత్త కిందిరేకు వేసి, అతుకులకు సీలర్ పట్టించి, రెండు పూతలు రంగు వేశాక, పైరేకు మూయబోతుంటే ఆపారు. "మూసేశాక నీళ్లు పోసి ఏం లాభం? ఇప్పుడే పోయి" అన్నారు. చెంబు తెచ్చి పోశాను. రెండు చివరల నుంచీ ధారగా నేల మీద పడ్డాయి. లోపల ఒక్క చుక్క లేదు. ఫోన్ అటు తిప్పి చూపించాను. "ఆ, ఇక మూసెయ్" అన్నారు.

మిగతా పాయింట్లు గబగబా చెప్పేస్తాను. రంగు గురించి చివర్లో ఆలోచించండి, ముందు బ్రేకులు. 1966 దాకా మస్టాంగ్‌కి మాస్టర్ సిలిండర్‌లో, అంటే బ్రేకు నూనెను చక్రాలకు తోసే భాగంలో ఒకటే గది. ఒకచోట పైపు పగిలితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. 1967 నుంచి రెండు గదులది వచ్చింది, అది వేసుకోండి. ఏళ్ల తరబడి ఆగి ఉన్న ఇంజన్‌కి తాళం తిప్పి స్టార్ట్ చేయకండి. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో కాస్త నూనె పోసి, రెండు మూడు రోజులు ఆగి, చేత్తో తిప్పి చూడండి. పాత పెట్రోలు ట్యాంకులో ఉంటే మొత్తం తీసేయండి. ఫ్లోర్ కోసే ముందు తలుపుల ఖాళీల్లో అడ్డంగా ఇనుప గొట్టాలు కట్టండి. ఈ బండికి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే దాని బలం. కోశాక కుంగిందంటే తలుపు మళ్లీ పట్టదు. విడిభాగాల గురించి టెన్షన్ పడక్కర్లేదు. 1966 మోడల్ ఒక్కటే 6 లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి ఈ రోజుకీ దాదాపు ప్రతి రేకూ కొత్తగా దొరుకుతుంది. ఆరు సిలిండర్లదని చిన్నచూపు చూసి వదిలేయకండి. ధర తక్కువ, బానెట్ కింద చెయ్యి పట్టేంత చోటు ఉంటుంది, నేర్చుకోవడానికి అంతకన్నా మంచి ఇంజన్ నేను చూడలేదు.

కొనడానికి వెళ్లినప్పుడు కార్పెట్ ఎత్తి చూపించమని అడగండి. గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసుకెళ్లండి, పుట్టీ ఉన్నచోట అది పట్టదు. నీళ్లు తీసుకెళ్లండి. ఒకరు లోపల పడుకోండి, ఒకరు పోయండి. ముందు డ్రైవరు వైపు, తర్వాత అవతలి వైపు. అమ్మేవాడు నీళ్లు పోయనివ్వనంటే ఇంటికి వచ్చేయండి.

2022 ఆగస్టు మూడో శనివారం, వుడ్‌వార్డ్ డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల పండగ రోజున, ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా వుడ్‌వార్డ్ అవెన్యూ మీద మొదటిసారి ఆ బండి నడిపాను. దారిలో వాన పడింది. మా అమ్మాయి పక్కసీట్లో కూర్చుని, చెప్పులు తీసేసి కార్పెట్ మీద కాళ్లు పెట్టి "పొడిగానే ఉంది నాన్నా" అంటూనే ఉంది. నాన్నకి మోకాళ్ల వల్ల ఇంత దూరం ప్రయాణం కుదరడం లేదు. వైపర్ల చప్పుడు ఫోన్‌లో వినిపించాను.

బండి ఇప్పుడు బయట పార్కింగ్‌లోనే ఉంది, గుమ్మానికి ఎడమవైపు. కార్పెట్ పొద్దున్నే ఎత్తి ఉంచాను. చెంబు డిక్కీలో ఉంది. నీళ్లు ఇక్కడి వంటగదిలో పట్టుకుందాం. లోపల పడుకుని చూడటానికి ఇద్దరు పిల్లలు కావాలి, ఎవరొస్తారు? పదండి.