దడ, భయం అంతా టెన్షనేనా?

[దృశ్యం: కోనసీమలో ఒక పెంకుటిల్లు. వంటగదిలో కత్తిపీట ముందు కూర్చున్న ఇల్లాలు. కెమెరా ఆమె చేతుల మీదే నిలుస్తుంది.]

వ్యాఖ్యానం: ఇది మేము కల్పించిన దృశ్యమే, కానీ ఇలాంటివి చాలా ఇళ్లలో జరుగుతాయి. అరటికాయ తరుగుతున్న చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది. పొట్టలోంచి ఏదో పైకి తన్నుకొస్తున్నట్టు, కారణం లేకుండానే ప్రాణం పోతుందన్నంత భయం కమ్మినట్టు, ఇదంతా ఇదివరకే ఒకసారి జరిగినట్టు ఆమెకు అనిపించింది. ఆ వెంటనే వేళ్లు చీర అంచును నలపసాగాయి, పెదవులు చప్పరించసాగాయి. పిలిస్తే పలకలేదు. ఒకటిన్నర నిమిషంలో అంతా సర్దుకుంది. అత్తగారు ఉప్పుతో దిష్టి తీశారు. భర్త "ఊరికే టెన్షన్ పడకు" అన్నాడు.

[దృశ్యం: మెదడు బొమ్మ. కణత లోపలి భాగం వెలుగుతుంది.]

ఇది మూర్ఛలో ఒక రకం కావచ్చు. మూర్ఛ అనగానే కిందపడి కొట్టుకోవడమే మనకు గుర్తొస్తుంది. అయితే కణతల లోపల, బాదం గింజ ఆకారంలో ఉండే అమిగ్డాలా దగ్గర విద్యుత్తు అదుపు తప్పితే, భయపడవలసిన విషయమేదీ లేకపోయినా భయం పుడుతుంది. పానిక్ అటాక్, అంటే ఆందోళన వల్ల ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్ర భయం, సాధారణంగా పది నిమిషాల్లోపు తారస్థాయికి చేరి, ఆ తర్వాత మెల్లగా తగ్గుతుంది, మనిషికి జరిగినదంతా గుర్తుంటుంది. ఈ మూర్ఛ ఎక్కువగా రెండు నిమిషాల్లోపే ముగుస్తుంది, ప్రతిసారీ దాదాపు ఒకే తీరుగా వస్తుంది, ఆ తర్వాత కొందరికి కాసేపు అయోమయంగానూ మగతగానూ ఉంటుంది. మెదడులోని విద్యుత్తును నమోదు చేసే ఈఈజీ పరీక్ష ఒకసారి మామూలుగా వచ్చినంత మాత్రాన జబ్బు లేదని తేల్చకూడదు. అందుకే ఇంట్లోవాళ్లు ఫోన్‌లో తీసిన వీడియో డాక్టరుకు ఎంతో పనికొస్తుంది.

[దృశ్యం: రేషన్ దుకాణం ముందు వరుస. అందులో నిలబడిన ఒక అమ్మాయి.]

ఈ అమ్మాయికి నిలబడితేనే దడ, కళ్లు తిరగడం; పడుకుంటే నెమ్మదిస్తుంది. లేచి నిలబడినప్పుడు రక్తం కాళ్లలోకి జారకుండా రక్తనాళాలను బిగించే నరాల వ్యవస్థ సరిగా పనిచేయకపోతే, గుండె వేగం పెంచి సర్దుకోవడానికి ప్రయత్నిస్తుంది. నిలబడిన పది నిమిషాల్లో నాడి నిమిషానికి 30 లేదా అంతకంటే ఎక్కువ పెరిగి, బీపీ పెద్దగా పడిపోకుండా, మూడు నెలలకు పైగా ఇలాగే సాగుతుంటే దాన్ని పోట్స్ అంటారు. 12 నుంచి 19 ఏళ్ల వారికి ఆ లెక్క 40. ముందుగా రక్తహీనత, థైరాయిడ్, ఒంట్లో నీరు తగ్గడం వంటివి లేవని చూడాలి. మన డెల్టా ఎండాకాలపు ఉక్కలో ఈ బాధ మరింత పెరుగుతుంది.

టెన్షన్ అనుకునేవి ఇంకా ఉన్నాయి. అరికాళ్ల తిమ్మిర్లకు విటమిన్ బీ12 లోపం కారణం కావచ్చు. పార్కిన్సన్స్ అనే మెదడు జబ్బులో వణుకు కనబడక ముందే ఆందోళన మొదలవవచ్చు.

ఆందోళన జబ్బు కాదని నేను అనడం లేదు. అదీ నిజమైన జబ్బే, మూర్ఛతో కలిసి కూడా ఉండవచ్చు. వాడుతున్న మాత్రలను మీ అంతట మీరు ఆపకండి. న్యూరాలజిస్టు (మెదడు, నరాల డాక్టరు) దగ్గరికి వెళ్లేటప్పుడు ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంది, పిలిస్తే పలికారా, కూర్చున్నారా నిలబడ్డారా అన్నవి రాసుకుని వెళ్లండి.

[దృశ్యం: పంట కాలువ రేవు, ఖాళీ మెట్లు.]

విషయం తేలేదాకా, ఇలా స్పృహ తప్పుతున్నవారిని కాలువలో స్నానానికి గానీ, రొయ్యల చెరువు గట్టు మీదికి గానీ ఒంటరిగా పంపకండి. కొబ్బరి చెట్టు ఎక్కడం అసలే వద్దు.