‘డర్టీ లీడ్స్’: ఆ చెడ్డపేరు న్యాయమైనదేనా?

[తెరపై: ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానం, పాత టీవీ రంగులు. అక్షరాలు: 29 ఏప్రిల్ 1970]

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో పెద్ద పోటీ అయిన ఎఫ్‌ఏ కప్ ఫైనల్ రీప్లే, అంటే మొదటి ఫైనల్ డ్రా కావడంతో మళ్లీ ఆడుతున్న ఆట. ఒకవైపు చెల్సీ, ఇంకోవైపు లీడ్స్ యునైటెడ్. టీవీ ముందు దాదాపు 2.8 కోట్ల మంది కూర్చున్నారు. అంటే బ్రిటన్ జనాభాలో సగం అన్నమాట.

ఆట మొదట్లోనే చెల్సీ కెప్టెన్ రాన్ హారిస్ లీడ్స్ వింగర్ ఎడీ గ్రే కాలు మీద తన్నాడు. మొదటి ఫైనల్లో చెల్సీని ఒక ఆట ఆడించిన గ్రే, ఆ రాత్రి మాత్రం మామూలుగా పరిగెత్తలేకపోయాడు. చెల్సీ డిఫెండర్ ఎడీ మెక్‌క్రీడీ పెనాల్టీ బాక్సులో ఎగిరి తన్నిన కాలు లీడ్స్ కెప్టెన్ బిల్లీ బ్రెమ్నర్ తలను తాకింది. పెనాల్టీ ఇవ్వలేదు. లీడ్స్ వాళ్లేమీ తక్కువ తినలేదు. మిక్ జోన్స్ ఢీకొట్టడంతో చెల్సీ గోల్‌కీపర్ పీటర్ బొనెట్టి కుంటుతూనే మిగతా ఆట ఆడాడు. నార్మన్ హంటర్, చెల్సీ ఆటగాడు హచిన్సన్ ఇద్దరూ చేతులతో కొట్టుకున్నారు.

రిఫరీ ఎరిక్ జెన్నింగ్స్ మ్యాచ్ మొత్తంలో హెచ్చరికగా తన పుస్తకంలో ఒక్కరి పేరే రాసుకున్నారు. హచిన్సన్ పేరు.

[తెరపై: ఎర్ర కార్డులు ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ 6 వరకు, ఆ తర్వాత 11 వరకు]

1997లో రిఫరీ డేవిడ్ ఎల్లరే ఆ మ్యాచ్ రికార్డింగ్ చూసి, ఇప్పటి నియమాల ప్రకారం అయితే 6 రెడ్ కార్డులు (మైదానం నుంచి పంపేయడం), 20 ఎల్లో కార్డులు (హెచ్చరిక) ఇవ్వాల్సిందని లెక్క తేల్చారు. 2020లో మైఖేల్ ఆలివర్ మళ్లీ చూశారు. ఆయన లెక్కలో రెడ్ కార్డులే 11.

తన్నులాటలో రెండు జట్లూ సమానంగానే ఉన్నాయి. గెలిచింది చెల్సీ, 2-1 తేడాతో, అదనపు సమయంలో. కానీ ఇంగ్లండ్‌లో ఈ రోజుకీ ‘డర్టీ’ అనే మాట ముందు తగిలించి పిలిచేది లీడ్స్‌నే. ఆ పేరు వాళ్లకు న్యాయంగా వచ్చిందా, కాదా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డాన్ రెవీ నడిపిన లీడ్స్ మొరటు జట్టు, అందులో అనుమానం లేదు. ‘అందరికంటే మురికి జట్టు’ అనే ముద్ర మాత్రం ఒక తప్పుడు లెక్కతో మొదలైంది. ఒకసారి పడ్డాక అది ఎంత మంచి ఆటకీ చెరగలేదు.

[తెరపై: 1960ల ఎల్లాండ్ రోడ్, లీడ్స్ సొంత స్టేడియం]

1961లో రెవీ మేనేజర్ అయ్యేటప్పటికి లీడ్స్ రెండో డివిజన్లో, అంటే ఇంగ్లండ్ లీగ్ రెండో అంచెలో ఉంది. 1962లో అక్కణ్నుంచీ కిందికి పడిపోయేదే. ఆ ఏడాది మార్చిలో ఎవర్టన్ నుంచి బాబీ కాలిన్స్‌ను తెచ్చుకున్నారు. చాలా పొట్టి మనిషి. కానీ ఎదుటివాడు ఎంత భారీగా ఉన్నా వెనక్కి తగ్గేవాడు కాదు. బ్రెమ్నర్, హంటర్ లాంటి కుర్రాళ్లు ఆయన్ని చూసి నేర్చుకున్నారు. మెత్తగా ఆడితే మిగలం అన్నది ఆ జట్టు రక్తంలోకి ఎక్కింది. 1964లో రెండో డివిజన్ ఛాంపియన్లుగా పైకి వచ్చారు.

సరిగ్గా ఆ వేసవిలోనే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం, అంటే ఎఫ్‌ఏ, తన పత్రికలో ఒక పట్టిక వేసింది. గడిచిన సీజన్లో క్రమశిక్షణ విషయంలో ఏ క్లబ్‌కు ఎన్ని చర్యలు అన్న లెక్క అది. అందులో లీడ్స్ అందరికంటే పైన ఉంది. పేపర్లు దాన్ని పట్టుకున్నాయి.

ఇక్కడ కాస్త ఆగి చూద్దాం. అసలు గొడవంతా ఈ పట్టికలోనే ఉంది. ఆ అంకె మొదటి జట్టుది కాదు, మొత్తం క్లబ్‌ది. రిజర్వ్ జట్టు, జూనియర్ జట్లు, అన్నీ కలిపి. క్లబ్ వెంటనే అభ్యంతరం చెప్పింది. ఆ కేసుల్లో ఎక్కువ భాగం చిన్న జట్లవేననీ, ఆ సీజన్లో మొదటి జట్టు ఆటగాడు ఒక్కడు కూడా రిఫరీ చేతిలో బయటికి వెళ్లలేదనీ జవాబిచ్చింది. ఈ ముద్ర వల్ల రిఫరీలూ, ప్రేక్షకులూ ముందే ఒక అభిప్రాయంతో వస్తారని కూడా భయపడింది. పట్టిక చదివినవాళ్లలో ఆ జవాబు చదివినవాళ్లు ఎంతమంది ఉంటారు?

[తెరపై: గుడిసన్ పార్క్. అక్షరాలు: 7 నవంబర్ 1964]

ఆ భయం నిజమవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఎవర్టన్ మైదానంలో మ్యాచ్. నాలుగో నిమిషంలోనే ఒకరు బయటికి వెళ్లారు. ఆ వెళ్లింది ఎవర్టన్ ఆటగాడు శాండీ బ్రౌన్, లీడ్స్ మిడ్‌ఫీల్డర్ జానీ జైల్స్‌ను గుద్దినందుకు. కాసేపటికి విల్లీ బెల్ తలతో గోల్ కొట్టాడు. ఆట అంతకంతకూ వేడెక్కింది. హాఫ్‌టైమ్‌కి ముందు ఇదే బెల్, ఎవర్టన్ ఆటగాడు డెరెక్ టెంపుల్ పరిగెత్తుకుంటూ వచ్చి ఢీకొని ఇద్దరూ కుప్పకూలారు. స్టాండ్స్ నుంచి వస్తువులు పడటం మొదలైంది. రిఫరీ ఆట ఆపి, చల్లబడి రండి అని రెండు జట్లనూ డ్రెస్సింగ్ రూములకు పంపించేశారు. కాసేపటి తర్వాత మళ్లీ ఆడించారు. లీడ్స్ 1-0తో గెలిచింది.

బయటికి పంపబడ్డది ఎవర్టన్ ఆటగాడు. మైదానంలోకి విసిరింది ఎవర్టన్ అభిమానులు. అయినా ఆ మధ్యాహ్నం మచ్చ ఎక్కువగా అంటింది లీడ్స్‌కే.

ఇంతవరకు విని, పాపం లీడ్స్ అమాయకులు అనుకోకండి. వాళ్లు చేసినవి చాలానే ఉన్నాయి.

[తెరపై: రిఫరీ చుట్టూ తెల్ల జెర్సీల గుంపు]

రెవీ జట్టు తప్పుల్లో అసలైనవి కాలితో చేసినవి కావంటాను నేను. నిర్ణయం తమకు నచ్చకపోతే నలుగురైదుగురు రిఫరీని చుట్టుముట్టేవారు. ముందు నోరు విప్పేది కెప్టెన్ బ్రెమ్నరే. ఒక గోల్ ఆధిక్యం దొరికితే చాలు, త్రో-ఇన్లూ ఫ్రీ కిక్కులూ నత్తనడక నడిచేవి. కార్నర్ వస్తే జాక్ చార్ల్టన్ వెళ్లి గోల్‌కీపర్ ముక్కుకి ఎదురుగా నిలబడేవాడు. అది నియమాలకు విరుద్ధం కాదు గానీ గోల్‌కీపర్లకు నరకం. జైల్స్ అయితే అద్భుతమైన పాస్ ఇవ్వగలడు, అదే కాలితో బంతి పైనుంచి ఎదుటివాడి మోకాలి కిందకి దిగనూగలడు. 1970లో చార్ల్టన్ ఒక టీవీ కార్యక్రమంలో తన దగ్గర ‘చిన్న నల్ల పుస్తకం’ ఉందనీ, బదులు తీర్చుకోవాల్సిన ఆటగాళ్ల పేర్లు అందులో ఉన్నాయనీ అన్నాడు. దేశమంతా గోల. ఎఫ్‌ఏ విచారణ దాకా వెళ్లింది. ముద్ర వేసినవాళ్లకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఒక చెడు టాకిల్ (బంతి లాక్కోవడానికి కాలు వేయడం) ఆవేశంలో జరిగిందనుకోవచ్చు. రిఫరీని గుంపుగా చుట్టుముట్టడం, టైమ్ తినడం ఆవేశం కాదు, పద్ధతి. లీడ్స్ మీద నా ఫిర్యాదు అక్కడే. కోచింగ్‌లో భాగంగా వచ్చిన తప్పు అది, దానికి రెవీ బాధ్యుడు.

ఇప్పుడు కాలం సంగతి. ఇంగ్లండ్ లీగుల్లో కార్డులు వచ్చిందే 1976 అక్టోబర్లో. అంతకుముందు రిఫరీ పుస్తకంలో పేరు రాసుకోవడమే. వెనక నుంచి వచ్చి కాళ్ల మీద పడే టాకిల్‌ను రోజువారీ ఆటగానే చూసేవారు. మొదటి గట్టి టాకిల్‌కి హెచ్చరిక కూడా ఉండదని ప్రతి డిఫెండర్‌కీ తెలుసు. లివర్‌పూల్‌కు టామీ స్మిత్, చెల్సీకి రాన్ హారిస్, ఆర్సెనల్‌కు పీటర్ స్టోరీ, మాంచెస్టర్ యునైటెడ్‌కు నాబీ స్టైల్స్. ప్రతి పెద్ద క్లబ్‌లోనూ ఒక కాలాంతకుడు ఉండేవాడు. లీడ్స్‌లో ఆ పని చేయగలవాళ్లు ఒకేసారి నలుగురైదుగురు ఉన్నారు. తేడా అంతే. చిన్న తేడా కాదు, ఒప్పుకుంటాను.

అయితే ఇంకో లెక్క కూడా చూడాలి. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ విలేకరులు ఏటా ఒక ఉత్తమ ఆటగాణ్ని ఎన్నుకుంటారు. 1965లో ఆ అవార్డు బాబీ కాలిన్స్‌కు వచ్చింది. 1967లో జాక్ చార్ల్టన్‌కు. 1970లో బ్రెమ్నర్‌కు. ఆరేళ్లలో ముగ్గురు, అందరూ లీడ్స్ వాళ్లే, అందరూ మొరటువాళ్లని పేరున్నవాళ్లే. 1974లో ఆటగాళ్ల సంఘం మొట్టమొదటిసారి తమలో ఉత్తముణ్ని ఓటు వేసి ఎన్నుకుంది. గెలిచింది నార్మన్ హంటర్! ‘కాళ్లు కొరుకుతాడు’ అని సొంత అభిమానులే బ్యానర్ కట్టిన హంటర్‌కు, ఆ కాళ్లు ఎవరివో వాళ్లే ఓటేశారు. ఈ ఒక్క విషయం నాకు ఎన్నో పేపర్ హెడ్డింగుల కంటే ఎక్కువ చెప్తుంది.

[తెరపై: 4 మార్చి 1972. లీడ్స్ 7, సౌతాంప్టన్ 0]

ఆ కాలానికి లీడ్స్ ఆట కూడా మారింది. సౌతాంప్టన్‌ను 7-0తో ఓడించిన మ్యాచ్ క్లిప్పింగ్ దొరికితే తప్పకుండా చూడండి. చివర్లో బంతిని వెనక మడమతో, పాదం పైభాగంతో ఒకరికొకరు అందించుకుంటూ పోతారు, ఎదుటి జట్టుకు తాకనివ్వరు. రెండు నెలల తర్వాత ఎఫ్‌ఏ కప్ గెలిచారు.

పేరు మాత్రం మారలేదు. 1973లో ఆటగాళ్ల ప్రవర్తనకు ఎఫ్‌ఏ క్లబ్ మీద సస్పెండెడ్ జరిమానా, అంటే మళ్లీ తప్పు చేస్తేనే కట్టాల్సిన జరిమానా వేసింది. అప్పటికి డెర్బీ మేనేజర్‌గా ఉన్న బ్రయాన్ క్లఫ్, అది చాలదు, లీడ్స్‌ను రెండో డివిజన్‌కు దించాల్సిందని పత్రికలో రాశారు. దానికి లీడ్స్ ఇచ్చిన జవాబు మైదానంలోనే. తర్వాతి సీజన్లో మొదటి 29 లీగ్ మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడి, ప్రవర్తన కూడా చక్కబరుచుకుని, 1974లో ఛాంపియన్లయ్యారు.

అప్పుడు రెవీ ఇంగ్లండ్ జట్టు మేనేజర్‌గా వెళ్లిపోయారు. ఆయన కుర్చీలో క్లబ్ ఎవర్ని కూర్చోబెట్టిందో తెలుసా? అదే బ్రయాన్ క్లఫ్‌ను. మీ పతకాలన్నీ చెత్తబుట్టలో వేయండి, మోసం చేసి గెలిచినవి అని ఆయన తమతో అన్నట్టు ఆటగాళ్లు తర్వాత చెప్పారు. 44 రోజుల్లో ఆయన ఉద్యోగం పోయింది.

ఆ 44 రోజుల్లోనే లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఛారిటీ షీల్డ్, అంటే సీజన్ మొదట్లో లీగ్ ఛాంపియన్‌కూ కప్ విజేతకూ మధ్య ఆడే మ్యాచ్ జరిగింది. బ్రెమ్నర్, లివర్‌పూల్ ఆటగాడు కెవిన్ కీగన్ కొట్టుకున్నారు, ఇద్దర్నీ బయటికి పంపారు, ఇద్దరూ జెర్సీలు విప్పి విసిరేశారు. ఇద్దరికీ ఒకే శిక్ష: 500 పౌండ్ల జరిమానా, చాలా మ్యాచ్‌ల నిషేధం. కీగన్ ఆ తర్వాత దేశానికే ముద్దుబిడ్డ అయ్యాడు. బ్రెమ్నర్ మాత్రం ‘డర్టీ లీడ్స్’ కెప్టెన్‌గానే మిగిలిపోయాడు.

[తెరపై: నేటి ఎల్లాండ్ రోడ్]

ఇదంతా యాభై ఏళ్ల కిందటి కథ. ఆ ఆటగాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. అయినా లీడ్స్ ఏ ఊరు వెళ్లినా స్టాండ్స్‌లో అదే నినాదం.

2019 ఏప్రిల్‌లో ఆస్టన్ విల్లాతో మ్యాచ్. విల్లా ఆటగాడు ఒకరు గాయపడి కింద ఉండగా లీడ్స్ గోల్ కొట్టింది. గొడవైంది. కోచ్ మార్సెలో బియెల్సా, వాళ్లకు అడ్డుపడకుండా ఒక గోల్ కొట్టనివ్వండి అని తన జట్టును ఆదేశించారు. అప్పటికి రెండో అంచెలో ఉన్న లీడ్స్‌కు నేరుగా పై అంచె ప్రీమియర్ లీగ్‌లోకి వెళ్లే అవకాశం ఆ రోజు 1-1 డ్రాతో పోయింది. ఆ ఏడాది ఫిఫా ఫెయిర్ ప్లే అవార్డు లీడ్స్‌కు వచ్చింది. అదే మ్యాచ్ గొడవలో, తగలని దెబ్బకు తగిలినట్టు నటించినందుకు లీడ్స్ స్ట్రైకర్ ప్యాట్రిక్ బ్యామ్‌ఫర్డ్‌కు రెండు మ్యాచ్‌ల నిషేధమూ పడింది. మంచీ చెడూ ఒకే మధ్యాహ్నం, ఒకే జట్టు.

2021-22 సీజన్లో లీడ్స్‌కు వందకు పైగా ఎల్లో కార్డులు వచ్చాయి. మళ్లీ పాత పాట మొదలు. కానీ బియెల్సా పద్ధతిలో మైదానమంతా ఒక్కొక్కడు ఒక్కొక్కణ్ని కాపలా కాయాలి. మీ మనిషి మిమ్మల్ని దాటిపోతే వెనక ఆదుకునేవాడు ఉండడు, చొక్కా పట్టుకుని లాగడమే దారి. ఎల్లో కార్డు ఖాయం. మోటుదనం కంటే ఆ వ్యూహం వల్ల పెరిగిన లెక్క అది.

ఆ సీజన్ సెప్టెంబర్లో లివర్‌పూల్‌తో మ్యాచ్‌లో పాస్కల్ స్ట్రైక్ టాకిల్‌కు కుర్రాడు హార్వీ ఎలియట్ చీలమండ కీలు తప్పింది. రెడ్ కార్డు. అది స్ట్రైక్ తప్పు కాదు, అనుకోకుండా జరిగిన ప్రమాదం, దానికి రెడ్ కార్డు ఇవ్వకూడదని దెబ్బ తగిలిన ఎలియట్ స్వయంగా సోషల్ మీడియాలో రాశాడు. లీడ్స్ అప్పీల్ చేసింది. అప్పీల్ కొట్టేశారు, మూడు మ్యాచ్‌ల నిషేధం అలాగే ఉంచారు.