ఓటు వేళచ్చేరిలో, చూపు మంగళగిరిలో

(2026 జనవరిలో చెన్నైలో ఒక తెలుగు సంక్రాంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, ముగ్గుల పోటీ బహుమతుల కోసం ఎదురుచూస్తున్న ఆడపిల్లలకి, వెనక వంటశాలలో పొద్దుటినుంచి నిలబడే ఉన్న వదినగార్లకి నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన ఇరవై నిమిషాలూ దానికే సరిపోతాయి. పెద్దలు మన్నించాలి.

నాకిచ్చిన అంశం "నేటి టీవీ కార్యక్రమాలు: ఒక ప్రేక్షకురాలి అభిప్రాయం". సీరియళ్ల గురించి, పాటల పోటీల గురించి మాట్లాడతానని పిలిచారు. మాట్లాడతాను. పాటల పోటీ అంటే నాకు ఇప్పటికీ పాడుతా తీయగానే. 1996లో మొదలైంది. మన ఊరి మనిషి, మన నుంగంబాకంలో ఉన్న బాలసుబ్రహ్మణ్యంగారు ఆ కుర్చీలో కూర్చుని, పదేళ్ల పిల్ల చరణంలో శ్రుతి తప్పితే, ఆ పిల్ల మొహం చిన్నబోకుండా ఎక్కడ తప్పిందో చెప్పేవారు. ముందు మెచ్చుకుని, తర్వాత ఆ ముక్క తనే పాడి వినిపించి, మళ్లీ పాడించేవారు. ఒక మనిషి తప్పును ఇంకో మనిషికి ఎలా చెప్పాలో తెలుగు టీవీ ఒకప్పుడు మనకి చూపించింది. అది గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే అదే టీవీలో రాత్రి తొమ్మిదింటికి మనం చూస్తున్నది వేరే.

తెర మీద ఆరు గళ్లు. గడికొక నాయకుడు. కింద ఎర్రపట్టీ మీద బ్రేకింగ్ న్యూస్, అదే వార్త పొద్దుటినుంచీ. ఆరుగురూ ఒకేసారి అరుస్తారు, యాంకర్ వాళ్లకంటే గట్టిగా అరుస్తారు. 2021 ఫిబ్రవరిలో ఒక తెలుగు ఛానెల్లో ప్రత్యక్ష చర్చ నడుస్తుండగా ఒక అతిథి చెప్పు తీసి పక్కనున్న పార్టీ నాయకుణ్ణి కొట్టారు. ఆ ముక్క మన ఫోన్లన్నిట్లోనూ తిరిగింది. కొట్టినాయన 2024లో ఎమ్మెల్యే కూడా అయ్యారు. ఆ రోజు చర్చ దేని మీద జరిగిందో చెప్పగలవాళ్లు ఈ సభలో ఒక్కరైనా ఉన్నారా? చెప్పు గుర్తుంది, విషయం గుర్తులేదు.

సీరియళ్ల గురించి కూడా రెండు మాటలు రాసుకొచ్చాను. అత్తలూ కోడళ్లూ విషం కలుపుకోవడం ఇంకా ఎన్నాళ్లు చూపిస్తారని. అది పక్కన పెడతాను. సీరియల్ వల్ల మన వీధిలో నీళ్లు నిలవవు. నేను చెప్పాల్సింది వేరే ఉంది, రెండేళ్లుగా మనసులో పెట్టుకున్నాను, ఈ రోజు మైకు దొరికింది.

2023 డిసెంబరు 3, ఆదివారం. మీలో చాలామందికి ఆ రోజు గుర్తుండే ఉంటుంది. తెలంగాణ ఓట్ల లెక్కింపు. మేముండే వేళచ్చేరి అపార్ట్‌మెంట్‌లో సగం ఇళ్లు తెలుగువాళ్లవే. పొద్దున్న ఎనిమిదినుంచి ఏ తలుపు ముందు నుంచి వెళ్లినా అదే గొంతు వినిపిస్తోంది. కాంగ్రెస్‌కి 64, బీఆర్‌ఎస్‌కి 39. కామారెడ్డిలో కేసీఆర్‌గారూ, రేవంత్‌రెడ్డిగారూ ఇద్దరూ ఓడిపోయారని తేలినప్పుడు మూడో అంతస్తునుంచి కేకలు. సాయంత్రం వాన పెద్దదైంది. తుపాను బంగాళాఖాతంలో మన తీరం దగ్గరే తిరుగుతోందని తమిళ ఛానెళ్లన్నీ చెబుతూనే ఉన్నాయి. మన రిమోటు అటు తిరగలేదు.

సోమవారం తెల్లారేసరికి కార్‌ పార్కింగ్‌లో నడుముల్లోతు నీళ్లు. ఈబీ వాళ్లు కరెంటు తీసేశారు, తీయక తప్పదు. నీళ్లు కింది ఫ్లాట్ల గుమ్మాలు దాటి లోపలికొచ్చాయి. కింది ఫ్లాట్లో నెల్లూరునుంచి కొడుకు దగ్గరికొచ్చిన పెద్దాయన ఒకరున్నారు. డయాలసిస్ మీదున్న మనిషి. మంగళవారం ఆసుపత్రికి వెళ్లాలి. ఆయన్ని కుర్చీతో సహా ఎత్తి మొదటి అంతస్తు మెట్ల మలుపులో కూర్చోబెట్టారు. ఆయన ఒళ్లో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో రిపోర్టులు, ఒక జత బట్టలు. "అమ్మా, పడవ వస్తుందా?" అని వచ్చేపోయేవాళ్లందర్నీ అడుగుతున్నారు.

పడవ కావాలంటే ఎవరికి చెప్పాలి? అక్కడ నిలబడ్డవాళ్లలో తెలంగాణలో ఎవరు ఏ శాఖ మంత్రి అవుతారో చెప్పగలవాళ్లు నలుగురున్నారు. మన వార్డు కౌన్సిలర్ పేరు ఒక్కరికీ తెలియదు. నంబరు సంగతి సరేసరి. నాకు తెలిసిన నంబరుకి సిగ్నల్ లేక కలవలేదు. చివరికి వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకునే తమిళాయన ఛాతీలోతు నీళ్లలో నడిచి వెళ్లి, కౌన్సిలర్ దగ్గర పనిచేసే కుర్రాణ్ణి పట్టుకున్నాడు. మంగళవారం మధ్యాహ్నం జాలర్ల పడవ వచ్చింది. పెద్దాయన గండం గడిచింది. ఆ తర్వాత ఇస్త్రీ ఆయన్ని అడిగాను, ఆ కుర్రాడు నీకెలా తెలుసయ్యా అని. "ఎలక్షన్‌కి ఎలక్షన్‌కీ మా సందుకొస్తాడమ్మా. మా సందులో అందరం ఓటేస్తాం" అన్నాడు.

గురువారం కరెంటొచ్చింది. గురువారమే, డిసెంబరు 7న, హైదరాబాదులో కొత్త ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం. మా అపార్ట్‌మెంట్‌లో టీవీలన్నీ ఒక్కసారి మోగాయి. మెట్ల మీద బురద ఇంకా ఎండలేదు.

నేను చెప్పాలనుకున్నది ఇదే. మన ఓటు ఇక్కడ, మన చూపు అక్కడ.

ఒక్క నిమిషం. మీరు చేతులెత్తాలి, మొహమాటం వద్దు. చెన్నై కార్పొరేషన్‌లో 200 వార్డులున్నాయి. మీ వార్డు నంబరు తెలిసినవాళ్లు చేతులెత్తండి. సరే. కౌన్సిలర్ పేరు కూడా తెలిసినవాళ్లు మాత్రం ఎత్తి ఉంచండి. సరే, దించండి. ఇప్పుడు చెప్పండి, 2024లో మంగళగిరిలో ఎవరు గెలిచారు? మెజారిటీ ఎంత? చూశారా! 91 వేలని ఆ మూలనుంచి కూడా వినిపించింది. పులివెందుల అడిగితే అదీ చెబుతారు. ఆ ఊళ్ల మీద మమకారం ఉండొద్దనడం లేదు. మా అత్తగారి ఊరు అటువైపే, మా పొలం అటువైపే. కానీ మంగళగిరిలో మీకు ఓటు లేదు. అక్కడ ఎవరు గెలిచినా మీ వీధిలో వాననీటి కాలువ తవ్వించరు. మెట్రో వాటర్ లారీ పంపించరు.

2024 సంగతి చూడండి. తమిళనాడులో లోక్‌సభ పోలింగ్ ఏప్రిల్ 19న. ఆంధ్రాలో మే 13న. ఏప్రిల్ 19 శుక్రవారం, సెలవు, మూడు రోజులు కలిసొచ్చాయని తిరుమలకి వెళ్లినవాళ్లు, ఊళ్లకి వెళ్లినవాళ్లు మనలోనే ఎంతమంది! అదే మే 13న పొద్దుటినుంచి రాత్రిదాకా టీవీ ముందే. జూన్ 4న ఆఫీసులకి సెలవు పెట్టి మరీ చూశాం. కూటమికి 164, వైసీపీకి 11. ఆ ఏడాది రాష్ట్రం మొత్తం మీద దాదాపు 70 శాతం పోలింగ్ జరిగితే సౌత్ చెన్నై, సెంట్రల్ చెన్నైలలో 54 శాతం దగ్గర ఆగిపోయింది. 2022 ఫిబ్రవరిలో కార్పొరేషన్ ఎన్నికలు, 2011 తర్వాత అదే మొదటిసారి, దానికి చెన్నైలో 44 శాతం కూడా రాలేదు. తప్పంతా తెలుగువాళ్లదే అనను. కానీ అందులో మనమూ ఉన్నాం.

ఇంకో సంగతి, ఇది మా వేళచ్చేరిలోనే జరిగింది. 2021 ఏప్రిల్ 6న పోలింగ్ ముగిశాక ఓటింగ్ యంత్రాలు స్కూటర్ల మీద తీసుకుపోతుంటే జనం ఆపేశారు. తమిళ ఛానెళ్లలో పెద్ద గొడవ. ఏప్రిల్ 17న 92వ బూత్‌లో మళ్లీ పోలింగ్ పెట్టారు. నేను మా ఫ్లాట్లలో అడిగితే చాలామందికి ఆ సంగతే తెలియదు. ఆపినవాళ్లు ఎవరో పెద్ద నాయకులు కాదండీ, రోడ్డు మీద పోయే మామూలు జనం.

బిగ్ బాస్ గురించి చెప్పకపోతే ఈ అంశానికి న్యాయం చేసినట్టు కాదని కార్యదర్శిగారు ముందే హెచ్చరించారు. చెబుతాను. డిసెంబరులో తెలుగు తొమ్మిదో సీజన్ ముగిసింది. మన ఇళ్లలో పిల్లలు రోజూ మర్చిపోకుండా ఫోన్‌లో ఓటేశారు. పిల్లల్ని తప్పుపట్టను, ఇష్టమైనవాళ్లు గెలవాలని కోరుకోవడం మంచిదే. వాళ్లకి నేను ఒక్కటే చెబుతాను. అక్కడ ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో నీకు లెక్క చూపించరు. ఇక్కడ చూపిస్తారు. పోలింగ్ అయ్యాక బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో ఫారం 17సిలో రాసి ఏజెంట్ల చేతికిస్తారు. లెక్కింపయ్యాక ఏ బూత్‌లో ఎవరికెన్ని వచ్చాయో ఫారం 20లో ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. మనం చూడం. నాయకులు చూస్తారు. ఏ బూత్ వాళ్లు కదిలొచ్చారో, ఏ బూత్ వాళ్లు తలుపులేసుకుని పడుకున్నారో వాళ్ల దగ్గర కాగితం మీద ఉంది. కాలువ ముందు ఏ వీధిలో తవ్వాలని అడిగినప్పుడు ఆ కాగితం గుర్తురాదంటారా?

తెర మీద కనిపించినంత మాత్రాన జనం ఓటేస్తారనుకోవడం కూడా పొరపాటు. మన పక్కనే ఉన్న నగరిలో రోజాగారు 2014లో, 2019లో గెలిచారు, ఎమ్మెల్యేగా ఉంటూనే జబర్దస్త్ జడ్జి కుర్చీలో కూర్చున్నారు, 2022లో మంత్రి అయ్యాక మానేశారు. 2024లో అదే నగరి ఓడించింది. కమల్‌హాసన్‌గారు 2018లో పార్టీ పెట్టాక కూడా శనాదివారాలు బిగ్ బాస్ తమిళ్ నడిపారు. 2021లో కోయంబత్తూరు సౌత్‌లో 1,728 ఓట్ల తేడాతో ఓడిపోయారు. అన్ని ఓట్లు మూడు నాలుగు బూత్‌లలో ఉంటాయి. ఒక్క ఓటుతో ఏమవుతుంది అనే అన్నయ్యలు ఈ లెక్క వినాలి.

ఛానెల్ ఎవరిదో తెలుసుకుని చూడండి, అది కూడా చెప్పాలి. ఈ ఊళ్లో కలైంజర్ టీవీ ఎవరి వైపో, జయ టీవీ ఎవరి వైపో, సాక్షి ఎవరి ఇంటిదో చిన్నపిల్లలకీ తెలుసు. ఈ రాష్ట్రంలో 2006 ఎన్నికల్లో డీఎంకే వాళ్లు టీవీ పెట్టెనే హామీగా ఇచ్చారు, గెలిచి కోటిన్నరకి పైగా కలర్ టీవీలు పంచారు. ఇలాంటి హామీల మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 2013లో తీర్పొచ్చింది. ఇక టీవీలో పార్టీల ప్రకటన వేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలనే పద్ధతి ఎలా వచ్చిందో తెలుసా? 2004లో సుప్రీంకోర్టు ఉత్తర్వు వల్ల. ఆ కేసులో ఎదుటి పక్షం మన జెమిని టీవీ! కేసు వెళ్లింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టునుంచి. దేశమంతా పాటిస్తున్న ఆ నియమం వెనక ఒక తెలుగు ఛానెల్ ఉంది. ఇది చెబుతుంటే నాకే ఉత్సాహం వస్తోంది, కానీ గంట కొడుతున్నారు.

రెండు నిమిషాలివ్వండి, అధ్యక్షా. మనం పానగల్ పార్కు పక్కనుంచి రోజూ వెళతాం. ఆ పానగల్ రాజా కాళహస్తి సీమ మనిషి, పానగంటి రామారాయణింగారు. 1921నుంచి 1926దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానిగా, అంటే ఇప్పటి లెక్కలో ముఖ్యమంత్రిగా ఉన్నారు. టీ నగర్ పేరులో ఉన్న త్యాగరాయ చెట్టిగారు, మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షులు, ఆయనా మనవాడే. ఈ ఊరి కాలువలు, బడులు, పార్కుల గురించి సభల్లో వాదించి చేయించినవాళ్లు మన తాతలు. వాళ్ల మనవలం మనం.

ఇప్పుడు అసలు పని. నవంబరులో ఓటర్ల జాబితా సవరణకి బూత్ అధికారులు ఇంటింటికీ వచ్చారు. మా మెట్ల మీద ఆ అమ్మాయిని నేనే చూశాను. చంకలో ఫారాల కట్ట, ప్రతి ఫారం మీదా మన పాత ఫొటో, క్యూఆర్ కోడ్. ఒక తలుపు ముందు చాలాసేపు బెల్ కొట్టింది. లోపల చర్చ మోగుతోంది, బెల్ వినపడలేదు. ఎదురింటి వాళ్లు తలుపు తీస్తే "సౌండు కొంచెం తగ్గించండమ్మా, పేరు చదవాలి" అని బతిమాలింది. డిసెంబరు 19న ముసాయిదా జాబితా వచ్చింది. రాష్ట్రంలో 97 లక్షలకు పైగా పేర్లు పోయాయి. చనిపోయినవాళ్లవి, ఇల్లు మారినవాళ్లవి, రెండుచోట్ల ఉన్నవాళ్లవి పోవాల్సిందే. బెల్ వినిపించుకోనివాళ్లవి కూడా వాటిలో ఉన్నాయేమో చూసుకోవాలి కదా.

ఊళ్లో ఒకటి, ఇక్కడ ఒకటి ఓటు ఉంచుకుందామనుకునేవాళ్లకి ఒక మాట. చట్టం ఒప్పుకోదు. ఒక్కచోటే. ఎక్కడ కాపురం ఉంటున్నారో అక్కడ. కొన్ని నెలల్లో శాసనసభ ఎన్నికలు, వచ్చే ఏడాది కార్పొరేషన్ ఎన్నికలు రావాలి. ఎవరికి వేయమని నేను చెప్పను, ఏ పార్టీ మనిషినీ కాను.

వెనక తలుపు దగ్గర, భోజనాల వరసకి ఎడమ పక్కన ఒక బల్ల వేయించాను. పేరు పోయినవాళ్లకి, కొత్తగా పద్దెనిమిది నిండిన పిల్లలకి ఫారం 6, దానికి జత చేసే డిక్లరేషన్ ఉన్నాయి. ఇల్లు మారినవాళ్లకి ఫారం 8. మా అమ్మాయి ల్యాప్‌టాప్‌తో కూర్చుంది, ఓటరు కార్డు నంబరు చెబితే జాబితాలో పేరుందో లేదో అక్కడే చూసి చెబుతుంది, మీ వార్డు నంబరు కూడా రాసిస్తుంది. కార్డు ఇంట్లో ఉంటే ఇంటికి ఫోన్ చేసి నంబరు చదివించుకోండి. వడ్డన మొదలవడానికి ఇంకా అరగంట ఉంది. ముందు వరసలో ఉన్నవాళ్లు ముందు లేవండి.