పిల్లల్ని అడవిలో వదిలేస్తే బుద్ధి రాదు: భువనగిరి గుట్ట మీద నిజంగా జరిగేదేంటి?

నమస్తే అందరికీ.

గురుకులం పిల్లల రాక్ క్లైంబింగ్ గురించి చిన్న వీడియో పెట్టాను కదా, దాని కింద ఒకే రకం కామెంట్ మళ్లీ మళ్లీ వచ్చింది. "మావాణ్ణి కూడా తీసుకుపోయి నల్లమలలో వదిలెయ్యండి, నాలుగు రోజులు తిండి దొరక్కపోతే బుద్ధి వస్తది" అని ఒకరు. "మిలటరీ ట్రైనింగ్ ఇస్తే గానీ ఈ కాలం పిల్లలు దారికి రారు" అని ఇంకొకరు. వాటికి లైకులు కూడా బాగానే పడ్డాయి. నాకు మాత్రం చాలా బాధేసింది, కోపం కూడా వచ్చింది. ఎందుకంటే ఇదే ఆలోచనతో నడిపిన క్యాంపుల్లో పిల్లలు చనిపోయారు. ఆ సంగతికి కాసేపట్లో వస్తాను.

(స్క్రీన్ మీద: భువనగిరి గుట్ట, రైలు పట్టాల వైపు నుంచి)

మన గురుకులం పిల్లలు పూర్ణ, ఆనంద్ ఎవరెస్ట్ ఎక్కిన కథ మీకు నేను చెప్పక్కర్లేదు. 2014 మే 25, పూర్ణకు అప్పటికింకా పద్నాలుగేళ్లు నిండలేదు, నాన్నది వ్యవసాయ కూలి పని, ఆనంద్ వాళ్ల నాన్న సైకిల్ మెకానిక్, ఇదంతా పేపర్లలో చదివిందే. నాకు ఆసక్తి శిఖరం మీద కాదు, దానికి ముందు ఇక్కడ భువనగిరిలో జరిగిన దాని మీద. సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి వందమందికి పైగా పిల్లల్ని ఈ గుట్ట దగ్గరికి తెచ్చి రాయి ఎక్కడం నేర్పించారు. వాళ్లలో ఇరవై మందిని డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి పంపారు. ఆ తర్వాత చలికాలంలో లదాఖ్. చివరికి ఎవరెస్ట్‌కి ఇద్దరు. అప్పుడు గురుకులాల కార్యదర్శిగా ఉన్న ప్రవీణ్ కుమార్ గారు మన అలంపూర్ మనిషే, ఈ పిల్లల ఇళ్లెట్లా ఉంటాయో ఆయనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

ఇద్దరి పేర్లు మనకు గుర్తున్నాయి. మిగిలినవాళ్ల సంగతేంటి? ఇలాంటి కార్యక్రమం పనిచేసిందా లేదా అనేది ఆ మిగిలిన పిల్లల్ని చూసి చెప్పాలని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన ఊళ్లలో బావిలో ఈత ఎట్లా నేర్పుతారో గుర్తు తెచ్చుకోండి. ఈ వీడియో మొత్తం నేను ఆ బావి దగ్గరికే వస్తూ ఉంటాను. పిల్లాడి నడుముకు బెండో, ఖాళీ నూనె డబ్బానో గట్టిగా కడతారు. మామో అన్నో ముందే నీళ్లలో దిగి ఉంటాడు. పిల్లాడు మెట్టు మీద నిలబడి కాసేపు వణికి, ఏడ్చి, చివరికి తనే దూకుతాడు. మునుగుతాడు, డబ్బా పైకి లేపుతుంది, మామ చెయ్యి అందిస్తాడు. రోజులు గడిచేకొద్దీ డబ్బా కట్టు వదులు చేస్తారు, మామ కొంచెం కొంచెం దూరం జరుగుతాడు. ఒకరోజు డబ్బా ఉండదు.

"అడవిలో వదిలెయ్యండి" అనేవాళ్లు చెప్పేదేంటంటే, డబ్బా కట్టకుండా, మామ నీళ్లలో లేకుండా, వెనక నుంచి బావిలోకి తోసెయ్యమని. అట్లా తోసినా ఎవడో ఒకడు ఈదుకుని బయటికి వస్తాడు, నిజమే. వాణ్ణి చూపించి "చూశారా" అంటారు. రానివాళ్ల సంగతి ఎవరూ మాట్లాడరు.

సరే, గుట్ట దగ్గరికి వద్దాం.

(స్క్రీన్ మీద: రాయి మీద బూటు, దగ్గరి నుంచి)

భువనగిరి బండ దగ్గరికెళ్లి నిలబడితే చేత్తో పట్టుకోవడానికి పెద్దగా ఏమీ కనపడదు. నున్నటి గ్రానైట్, ఏటవాలుగా. కొత్తగా ఎక్కే పిల్ల భయపడి బండను కావలించుకుంటుంది. అందరూ ముందు ఆ పనే చేస్తారు. కానీ ఒళ్లు రాయికి ఎంత ఆనిస్తే కాళ్లు అంత జారతాయి, ఎందుకంటే అప్పుడు బరువు పాదాల మీద సరిగ్గా పడదు. నడుము వెనక్కి పెట్టి, మడమ కిందికి దించి, బరువంతా పాదం మీద వేస్తేనే బూటు కింది రబ్బరు రాయిని పట్టుకుంటుంది. అంటే భయం ఏది చెయ్యమంటుందో దానికి సరిగ్గా వ్యతిరేకంగా చెయ్యాలి. ఇది క్లాసులో బోర్డు మీద రాస్తే తలకెక్కదు, కాలు ఒకసారి జారి, తాడు పట్టి ఆపితే అప్పుడు తెలుస్తుంది.

ఆ తాడు సంగతే ఇప్పుడు చూడండి. ఎక్కే పిల్ల నడుముకు హార్నెస్ ఉంటుంది, అంటే నడుముకూ తొడలకూ బిగించే పట్టీ, దానికి ఎనిమిది అంకె ఆకారంలో ముడి వేసిన తాడు. ఆ తాడు పైకి పోయి, గుట్ట మీద యాంకర్‌లోంచి, అంటే రాయికి గట్టిగా బిగించిన ఆధారంలోంచి, తిరిగి కిందికి వస్తుంది. కింద ఆ తాడు పట్టుకునేది ఎవరు? ఇంకో పిల్ల! దీన్నే బిలే అంటారు. ఎక్కేటప్పుడు వదులయ్యే తాడును లాగుతూ ఉండాలి, బ్రేక్ వైపు చెయ్యి, అంటే జారితే తాడును ఆపే చెయ్యి, తాడు మీద నుంచి ఒక్క క్షణం కూడా తియ్యకూడదు, ఈగ వాలినా సరే. ఆ పిల్ల వెనక ఇన్‌స్ట్రక్టర్ తాడు కొస పట్టుకుని ఉంటారు, చెయ్యి జారినా ప్రమాదం జరగకుండా. బావిలో మామ ఆయనే అనుకోండి, హార్నెస్ నూనె డబ్బా.

ఏడో తరగతి పిల్ల చేతిలో క్లాస్‌మేట్ ప్రాణం పెట్టి "నువ్వు పట్టుకుంటావు, నాకు నమ్మకం ఉంది" అంటున్నాం అన్నమాట. మొత్తం వ్యవహారం ఇక్కడుంది. అడవిలో లేదు, ఆకలిలో లేదు, విజిల్ ఊది పరుగెత్తించడంలో అసలే లేదు.

ఎందుకో చెప్తాను. పేదింటి పిల్లలకు కష్టం తక్కువై పోయిందా, మనం కొత్తగా నేర్పడానికి? అమ్మానాన్నలు పాలమూరు నుంచి పుణెకో ముంబైకో వలస పోతే అవ్వ దగ్గర ఉండి తమ్ముణ్ణి సాకిన పిల్ల, సెలవుల్లో పత్తి ఏరిన పిల్లాడు, వీళ్లకు తిండి లేకుండా పడుకోవడం అంటే ఏంటో క్యాంపు పెట్టి చూపించాలా? వాళ్లకు దొరకనిది కష్టం కాదు. తమంతట తాము ఎంచుకున్న కష్టం దొరకలేదు. పడితే పట్టుకోవడానికి తాడు దొరకలేదు. "ఇది నువ్వే చేశావు" అని చెప్పే పెద్దమనిషి దొరకలేదు. ఇంట్లో చేసిన చాకిరీ ఎవరి లెక్కలోనూ ఉండదు కదా, గుట్ట ఎక్కితే మాత్రం కింద ఇరవై మంది చూస్తారు, చప్పట్లు కొడతారు, ఆ పిల్ల కూడా తనను తాను చూసుకుంటుంది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1941లో, రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, వేల్స్‌లోని అబర్‌డవీ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో మొదలైంది. కుర్ట్ హాన్ అని జర్మనీ నుంచి వచ్చేసిన యూదు ఉపాధ్యాయుడు, హిట్లర్‌ను బహిరంగంగా తప్పుపట్టి జైలుకెళ్లినవాడు. ఆయనతో పాటు లారెన్స్ హోల్ట్ అని ఓడల కంపెనీ యజమాని. టార్పెడో తగిలి ఓడ మునిగితే లైఫ్‌బోట్లలో కుర్ర నావికులు ముందుగా ఆశ వదిలేసుకుంటున్నారు, వయసు పైబడ్డ వాళ్లు మాత్రం తట్టుకుంటున్నారు, ఎందుకంటే వాళ్లు ఇంతకుముందు ఇంతకంటే పెద్ద తుఫాన్లు చూశారు, ఇదీ హోల్ట్ నమ్మకం. కండబలం తేడా అయితే కుర్రాళ్లే నిలబడాలి కదా! అందుకని నెల రోజుల కోర్సు పెట్టారు, పేరు ఔట్‌వర్డ్ బౌండ్. తర్వాత అది చాలా దేశాలకు పాకింది.

మన దేశంలో చూస్తే, ఎవరెస్ట్ ఎక్కిన మొదటి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ 1984లో ఆ శిఖరం ఎక్కిన ఏడాదే జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్ మొదలైంది. 2018లో మన పక్కనే మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా ఆదివాసీ ఆశ్రమ పాఠశాలల పిల్లలు ఐదుగురు ఎవరెస్ట్ ఎక్కారు. మళ్లీ ఎవరెస్టే, శిఖరం ఎక్కకపోతే మనం వార్త రాయం, అదొక రోగం మనకి.

ఇప్పుడు చావుల సంగతి. అమెరికాలో "దారితప్పిన" పిల్లల్ని మారుస్తామని ప్రైవేటు వైల్డర్‌నెస్ క్యాంపులు, అంటే జనం లేని అడవుల్లో, ఎడారుల్లో పిల్లల్ని ఉంచే క్యాంపులు పుట్టుకొచ్చాయి. తల్లిదండ్రులు లక్షలు కట్టారు, కొన్నిచోట్ల అర్ధరాత్రి నిద్రలోంచి లేపి తీసుకుపోయారు. అక్కడి పార్లమెంటుకు పనిచేసే ఆడిట్ సంస్థ 2007లో ఇలాంటి కార్యక్రమాల్లో జరిగిన 10 మరణాలను పరిశీలించింది. ఎండలో నడిపించి, నీళ్లు చాలక, వడదెబ్బ తగిలి చనిపోయినవాళ్లున్నారు. పిల్లలు "బాగాలేదు, నడవలేను" అంటే సిబ్బంది నాటకం అనుకున్నారు. ఒక్కసారి ఆలోచించండి, మన నల్లగొండలో మే నెల ఎండ ఎంత ఉంటుందో! ఇక్కడ ఎవరైనా అలాంటి క్యాంపు పెట్టి "ఏం కాదు, నడువు" అంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

అందుకే మంచి కార్యక్రమంలో మొదటి నియమం, పిల్ల "నేను ఎక్కను" అనొచ్చు. ఎవరూ నవ్వరు, తిట్టరు. ఆ పూట ఆమె తాడు సర్దుతుంది, ముళ్లు చూస్తుంది, రేపు మళ్లీ అడుగుతారు. మెట్టు మీద ఎంతసేపు నిలబడినా పర్లేదు, తోయకూడదు.

మరి ఫలితం ఉంటుందా? పరిశోధనలు చూద్దాం. 1960లలో అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో కెల్లీ, బేర్ అనే ఇద్దరు 120 మంది బాల నేరస్థుల్ని తీసుకున్నారు. సగం మందిని ఔట్‌వర్డ్ బౌండ్‌కి పంపారు, సగం మందికి మామూలుగా జరిగేదే జరిగింది. ఏడాది తర్వాత చూస్తే మళ్లీ నేరంలో దొరికినవాళ్లు మొదటి గుంపులో 20 శాతం, రెండో గుంపులో 42 శాతం. సగానికి సగం తేడా! కానీ ఐదేళ్ల తర్వాత ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది.

ఇక్కడ నా బావి ఉదాహరణ పనిచెయ్యదు, అది కూడా చెప్పాలి. ఈత ఒకసారి వస్తే మర్చిపోం. ఇది అట్లా కాదు. గుట్ట మీద "నేను చెయ్యగలను" అనుకున్న పిల్లాడు అదే వాడకు, అదే సావాసానికి, "నీ వల్ల ఏమవుతుందిరా" అనే అదే మనుషుల దగ్గరికి తిరిగివస్తే కొన్నేళ్లకు అది అరిగిపోతుంది. కాబట్టి క్యాంపు కంటే క్యాంపు తర్వాతే ముఖ్యం. గురుకులానికి ఉన్న బలం ఇక్కడే. పిల్ల తిరిగి వచ్చేది అదే హాస్టల్‌కి, పక్క మంచం మీద తాడు పట్టుకున్న స్నేహితురాలే ఉంటుంది, టీచర్‌కి సంగతంతా తెలుసు.

1997లో హాటీ అనే పరిశోధకుడు, ఇంకొందరు కలిసి ఇలాంటి సాహస కార్యక్రమాల మీద జరిగిన 96 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. 20 రోజులకు మించి సాగిన కార్యక్రమాలు చిన్నవాటికంటే మెరుగ్గా పనిచేశాయి. వీకెండ్ క్యాంపుకి తీసుకెళ్లి సర్టిఫికెట్, టీషర్ట్, గ్రూప్ ఫొటో ఇచ్చేవాళ్లు దీన్ని గట్టిగా చదవాలి. రెండు రోజుల్లో సరదా ఉంటుంది, అది తప్పు కాదు, కానీ దాన్ని జీవితం మార్చే కార్యక్రమం అని అమ్మకండి.

టైమ్ అయిపోతోంది, ఇంకా రెండు మూడు ఉన్నాయి, తొందరగా చెప్పేస్తాను.

నల్లమల. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో ఉంది. అక్కడ చెంచులు కొండ అంచు నుంచి తాడు మీద కిందికి దిగి తేనె తీస్తారు, పైన తాడు దగ్గర కాపలా ఉండేది బావమరిది. తన అక్కచెల్లెలి బతుకు ఆ తాడుకే వేలాడుతోంది కాబట్టి వదలడు. బిలే గురించి ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. మన్ననూరులో అటవీశాఖ టూర్లలో చెంచు యువకులు ఇప్పటికే గైడ్లుగా ఉన్నారు. నల్లమలలో పిల్లల కార్యక్రమం ఎవరు పెట్టినా ఇన్‌స్ట్రక్టర్లుగా వాళ్లకే జీతాలివ్వాలి, హైదరాబాద్ నుంచి మనుషుల్ని దించి చెంచుల్ని సామాను మొయ్యడానికి పెట్టుకుంటే ఊరుకోకండి. పర్మిషన్ లేకుండా కోర్ ఏరియాలోకి, అంటే పులుల కోసం కాపాడే లోపలి అడవిలోకి, పిల్లల్ని తీసుకెళ్తామనే వాళ్లతో అసలు వెళ్లొద్దు.

ఎక్కి దిగాక కూర్చుని మాట్లాడుకోవడం. ఎక్కడ భయమేసింది, ఎవరు సాయం చేశారు, హాస్టల్లో ఇలాంటిదే ఎప్పుడైనా ఎదురైందా? అరగంట చాలు. చాలా క్యాంపుల్లో ఇదే ఎగ్గొడతారు, బస్సుకు లేటవుతుందని.

పోయినేడు నేర్చుకున్న పిల్లలకు ఈ ఏడు కొత్తవాళ్లకు హార్నెస్ కట్టే పని ఇవ్వాలి. బావి దగ్గర కూడా అంతే కదా, నిన్న ఈత నేర్చుకున్నోడు ఇవాళ తమ్ముడికి డబ్బా కడతాడు.

ఇక మీ అమ్మాయినో అబ్బాయినో పంపే ముందు నిర్వాహకుల్ని అడగాల్సినవి. ఇన్‌స్ట్రక్టర్లు ఎక్కడ ట్రైనింగ్ తీసుకున్నారు, ఎంతమంది పిల్లలకు ఒకరు? దగ్గరి ఆస్పత్రి ఎంత దూరం, బండి అక్కడే ఉంటుందా? పిల్ల వద్దంటే ఏం చేస్తారు? ఫోన్ చేసి ఇంట్లోవాళ్లతో మాట్లాడనిస్తారా? ఆడపిల్లలుంటే మహిళా ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారా? క్యాంపు అయ్యాక ఆర్నెల్లకు మళ్లీ ఎవరైనా పలకరిస్తారా? వీటిలో దేనికైనా "అదంతా మేం చూసుకుంటాం లెండి" అని దాటేస్తే ఫారం వెనక్కి తీసుకోండి.

హాస్టల్ వార్డెన్లు, పీఈటీ సార్లు, మేడమ్‌లు ఎవరైనా చూస్తుంటే మీ పిల్లలతో ఏం జరిగిందో కామెంట్లో రాయండి, పిల్లల పేర్లు మాత్రం రాయొద్దు. భువనగిరి తీసుకెళ్లాలనుకుంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపల పెట్టుకోండి, పొద్దున్నే మొదలుపెట్టండి. మార్చి దాటితే పది గంటలకే బండ మీద అరచెయ్యి ఆనించలేం.