ఏడుపు కథలొక్కటే ఇవ్వకండి

శ్రోతలకు నమస్కారం.

మా మేనకోడలికి పదకొండేళ్లప్పుడు ఓ నవల ఇచ్చాను. యుద్ధంలో ఇల్లు పోగొట్టుకున్న పిల్ల కథ. ఇచ్చి ఊరుకోవచ్చుగా? "చదువు, వేరే దేశాల్లో పిల్లలు ఎన్ని కష్టాలు పడుతున్నారో తెలుస్తుంది" అన్నాను. ఆ మాటతో పుస్తకం కాస్తా కషాయం అయిపోయింది. వారం తర్వాత చూస్తే, ఫ్యాన్ గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద బరువుగా పెట్టుకుంది. తప్పు నాదే.

పిల్లలకు రకరకాల మనుషుల కథలు అందాలన్న మాట కొత్తది కాదు. 1990లో రుడీన్ సిమ్స్ బిషప్ అనే అమెరికన్ ప్రొఫెసర్ పుస్తకాన్ని అద్దంతో, కిటికీతో, పక్కకు జరిపే గాజు తలుపుతో పోల్చారు. అద్దంలో పిల్లలు తమను తాము చూసుకుంటారు. కిటికీలోంచి ఇతరుల్ని చూస్తారు. తలుపు జరిపితే ఏకంగా ఆ ఇంట్లోకే వెళ్లిపోవచ్చు. చక్కటి పోలిక. కాకపోతే మనం ఏరి ఏరి తెరిచే కిటికీలన్నీ ఏడుపు వైపే ఉంటాయి. అలా చదివిన పిల్లలకు జాలి పుడుతుంది కానీ స్నేహం పుట్టదు.

అందుకే నేను ముందు చేతిలో పెట్టేది సీసీ బెల్ గీసి రాసిన 'ఎల్ డెఫో'. 2014లో వచ్చిన బొమ్మల పుస్తకం. నాలుగేళ్ల వయసులో జబ్బు చేసి వినికిడి పోయిన తన బాల్యాన్నే ఆమె చెప్పుకొచ్చింది. ఇందులో మనుషులంతా కుందేళ్లే! అంతంత చెవులున్న జంతువుకి చెవులు పనిచేయకపోవడం ఎలా ఉంటుందో ఊహించండి. ఆ పాప ఛాతీకి కట్టుకునే మిషన్ ఒకటి ఉంటుంది, టీచర్ మెడలో దాని మైకు. టీచర్ మైకు తీయడం మరచిపోయి బాత్రూమ్‌కి వెళ్తే, ఆ చప్పుళ్లన్నీ పాపకు వినిపిస్తాయి. తొమ్మిదేళ్లవాడు ఇక్కడ పడీ పడీ నవ్వుతాడు. ఇంకోచోట మిషన్ బ్యాటరీ అయిపోతుంటే, బొమ్మల పక్కన మాటల అక్షరాలు కొద్దికొద్దిగా వెలిసిపోతాయి. చివరికి మాటలుండాల్సిన చోట ఖాళీ. చెవుడంటే ఏమిటో అంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదు.

పదేళ్లు దాటినవారికి థాన్హా లై రాసిన 'ఇన్‌సైడ్ అవుట్ అండ్ బ్యాక్ అగైన్' ఇవ్వొచ్చు. 2011 నాటి నవల, మొత్తం చిన్న చిన్న కవితల్లో నడుస్తుంది. వియత్నాం యుద్ధం వల్ల 1975లో అక్కడి సైగాన్ నగరం వదిలి అమెరికా చేరిన 'హా' అనే పదేళ్ల పిల్ల కథ. కొత్త బడిలో ఇంగ్లీషులో ఇరవై వరకు లెక్కపెట్టిస్తారు. పెట్టగానే క్లాసంతా చప్పట్లు. ఆ పిల్లకు ఒళ్లు మండిపోతుంది. తనకు భిన్నాలు వచ్చు, ఆ మాట చెప్పడానికే భాష రాదు. ఇదీ శరణార్థి కథే, మరి ఏడుపు కథ కాదా అంటారేమో. కాదు. ఈ పిల్లకు కోపం ఉంది, రోషం ఉంది, వదిలేసి వచ్చిన బొప్పాయి చెట్టు మీద బెంగ ఉంది. జాలి పడదామంటే ఆమె పడనివ్వదు.

నా గొడవ నా ఒక్కదానిదే కాదని జెర్రీ క్రాఫ్ట్ 'న్యూ కిడ్' చదివాక తెలిసింది. ఎక్కువమంది తెల్లపిల్లలున్న ప్రైవేటు బడిలో చేరిన నల్లజాతి కుర్రాడి కథ. తనలాంటివాళ్ల గురించి వచ్చే పుస్తకాలన్నీ ఎందుకింత దిగులుగా ఉంటాయని ఇందులో భలే ఎగతాళి ఉంటుంది. 2020లో దీనికి న్యూబెరీ పతకం వచ్చింది. అమెరికా బాలసాహిత్యంలో పెద్ద బహుమతి అది, ఓ బొమ్మల నవలకు రావడం అదే మొదటిసారి. కాబట్టి, "కామిక్స్ చదవడమూ ఒక చదువేనా" అనే పెద్దలు కాస్త తగ్గాలి.

ఇరాన్ విప్లవం రోజుల్లో పెరిగిన మర్జాన్ సత్రపి స్వీయకథ 'పెర్సెపొలిస్' కూడా బొమ్మలదే. అలాగని చిన్నవాళ్లకు ఇవ్వకండి, చిత్రహింసల బొమ్మలున్నాయి. పదిహేను దాటాక, అదీ ముందు మీరు చదివాక ఇవ్వండి.

ఇక ఇచ్చే పద్ధతి. వివరణలొద్దు, చదివాక ప్రశ్నలొద్దు. ఒక దేశం గురించి ఒక్కటి కాకుండా రెండు మూడు పుస్తకాలు అందుబాటులో ఉంచండి, వాటిలో ఒక్కటైనా నవ్వించేది ఉండాలి. నచ్చక యాభయ్యో పేజీలో ఆపేస్తే ఆపనివ్వండి. కాగితాల మీద బరువుగా పెట్టుకున్న నా నవలను మా మేనకోడలు ఇప్పటికీ చదవలేదు. 'ఎల్ డెఫో' మాత్రం నాకు తిరిగి ఇవ్వడం లేదు.

నమస్కారం.