సీసపు రేకును బిగించకండి

సభకు నమస్కారం. 2019లో పారిస్‌లోని నోత్రదామ్ చర్చి తగలబడినప్పుడు పైకప్పు సీసం కరిగిపోయింది. 327 డిగ్రీల సెల్సియస్‌కే కరిగే లోహం కాబట్టి అందులో వింత లేదు. అలాంటి మంటలు అరుదు. ఇంగ్లండు కెథడ్రళ్ల (పెద్ద చర్చిల) కప్పుల మీద సీసం చీలిపోవడానికి మామూలు కారణం వేరు: రేకును కదలనివ్వరు.

లెక్క చూడండి. మూడు మీటర్ల రేకుకు ఎండకూ చలికీ మధ్య 70 డిగ్రీల తేడా వస్తే, పొడవులో దాదాపు 6 మిల్లీమీటర్ల మార్పు వస్తుంది. నాలుగు వైపులా మేకులు కొడితే అది ఎటు పోవాలి? పైకి ఉబ్బుతుంది. ఏళ్ల తరబడి ఆ ఉబ్బు దగ్గరే వంగి, లేచి, చివరికి చీలుతుంది. ఆ చీలికను టంకంతో పూడ్చడం దండగ, పక్కనే ఇంకోటి పుడుతుంది.

దాదాపు చదునుగా ఉండే కప్పుకు 3.55 మి.మీ. మందం రేకు వాడితే (అక్కడి పనివాళ్లు ‘కోడ్ 8’ అంటారు) అతుకుల మధ్య వెడల్పు 750 మి.మీ., పొడవు 3 మీటర్లు మించకూడదు. చదరపు మీటరుకు 40 కిలోలు. అతుకులకు పోయే అంచులు కలపకుండానే ఒక్కోటి 90 కిలోలు! నిలువు అతుకు గుండ్రటి కర్ర మీద వస్తుంది. కింది రేకు అంచును కర్ర మీదికి మలిచి రాగి మేకులు కొట్టాలి, అదీ రేకు పొడవులో ఎగువ మూడో వంతు వరకే. దాని మీదికొచ్చే రేకు అంచుకు మేకే ఉండదు. కర్ర దాటించి 40 మి.మీ. చదును మీదికి దింపి వదిలేస్తారు.

పైన బాగున్నా అడుగున తినేసే జబ్బు ఇంకోటుంది. లోపలి తేమ చల్లటి రేకు కిందికి చేరి నీటిబొట్లవుతుంది. అక్కడ గట్టి పొర ఏర్పడక, సీసం తెల్లటి పొడిగా రాలుతుంది. రేకు కింద పరిచిన పలకలు ఓక్ చెక్కవైతే వాటి ఆమ్లం తోడవుతుంది. అందుకే పలకల కింద 50 మి.మీ. గాలి సందు, చూరు దగ్గర గాలి లోపలికి, శిఖరం దగ్గర బయటికి దారి వదలాలి. మరమ్మతు బడ్జెట్‌లో ముందు కోత పడేది దీనికే. నా దృష్టిలో అది శుద్ధ తప్పు.

పాత సీసాన్ని పారేయరు. శుభ్రం చేసి కరిగించి, తడి ఇసుక పరిచిన బల్ల మీద పోసి, చెక్కతో ఒక్క లాగులో చదును చేస్తారు. కొత్త రేకు పరిచిన రోజే పైన ప్రత్యేకమైన నూనె పూయాలి, లేకపోతే మొదటి వానకే కింది రాతి మీద తెల్లటి చారలు దిగుతాయి. ఇక పనివాళ్లు చేతులు కడగకుండా తినకూడదు, పని బట్టలు ఇంటికి తీసుకెళ్లకూడదు, రక్తంలో సీసం ఎంతుందో క్రమం తప్పక పరీక్ష చేయించుకోవాలి.