ఒక్కరికే చెప్పాల్సిన మాట: గూగుల్ క్లాస్‌రూమ్‌లోనా, వాట్సాప్‌లోనా?

నమస్తే అండి. తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో అకౌంట్స్ చెబుతాను నేను. క్లాసులో అరవై మంది. అందరికీ చెప్పేది బోర్డు మీద రాస్తాం, సరే. ఒక్కరికే చెప్పాల్సింది ఎక్కడ చెప్పాలి? ఈ సెమిస్టరంతా గూగుల్ క్లాస్‌రూమ్ (అసైన్‌మెంట్లు ఇచ్చి దిద్దే యాప్) లోని ప్రైవేట్ కామెంట్, వాట్సాప్ రెండూ వాడి చూశాను.

ముందు నేను చేసిన పొరపాటు చెప్పేస్తా. తరుగుదల లెక్క, అంటే వాడే కొద్దీ వస్తువు విలువ ఏటా ఎంత తగ్గిందో వేసేది. అందులో తగ్గుతున్న నిల్వల పద్ధతి, అంటే ఏటా మిగిలిన విలువ మీదే శాతం వేయడం. లక్ష రూపాయల మిషను, 10 శాతం. మొదటి ఏడు 10,000. రెండో ఏడు మిగిలిన 90,000 మీద 9,000. పాకాల నుంచి వచ్చే ఒకమ్మాయి రెండో ఏడూ 10,000 వేసి క్లాసు వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టింది. నేను అక్కడే తప్పు గుర్తు పెట్టేశా. నలుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. రెండు వారాలు ఆ పిల్ల నుంచి ఒక్క లెక్క వస్తే ఒట్టు!

ఆ తర్వాతే ప్రైవేట్ కామెంట్‌కి వచ్చా. ఇది అసైన్‌మెంట్‌లోనే ఉంటుంది, ఆ విద్యార్థికీ టీచర్‌కీ తప్ప ఇంకెవరికీ కనబడదు. "10 శాతం దేని మీద వేశావమ్మా?" అని అంతే రాశా. రాత్రికి జవాబు: "కొన్న ధర మీదే వేశాను సార్, తప్పా సార్?" చూడండి, గ్రూపులో ఈ మాట అడుగుతుందా? పైగా మాట లెక్క పక్కనే ఉంటుంది, పరీక్షల ముందు వెతుక్కునే పని లేదు.

చిరాకు లేదా అంటే ఉంది. ఫోన్‌లో పిల్లలు కంగారులో క్లాస్ కామెంట్‌లో రాసేస్తారు, అది క్లాసంతా చూస్తుంది. అందుకే మొదటి రోజే ఎదురుగా కూర్చోబెట్టి ఒకసారి రాయించండి.

ఇక వాట్సాప్. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌లో 256 మంది దాకా పెట్టొచ్చు. ఎవరికి వారికి విడిగా వెళ్తుంది, ఒకరి నంబరు ఒకరికి కనబడదు. ఆడపిల్లలున్న క్లాసులో నాకైతే ఇదే పెద్ద విషయం. కాకపోతే మన నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు అసలు అందదు. అది తెలియక, వీళ్లేంటి ఉలకరు పలకరని వారం రోజులు తిట్టుకున్నా.

వాయిస్ మెసేజ్ నాకు బాగా నచ్చింది. పిల్లలు బ్లూ టిక్ ఆపేసుకున్నా సరే, విన్నాక మైకు గుర్తు నీలం అవుతుంది. రెండింతల స్పీడులో వింటారనుకోండి, అది వేరే బాధ.

నా ఓటు? లెక్కకైతే గూగుల్ క్లాస్‌రూమ్. సెలవు కబురుకు వాట్సాప్. ఫీజు కట్టలేకపోవడం, ఇంట్లో గొడవ లాంటివైతే రెండూ వద్దు, స్టాఫ్ రూమ్‌కి పిలిచి మాట్లాడండి.

అన్నట్టు, ఆ పాకాల అమ్మాయి నిన్న ప్రైవేట్ కామెంట్ పెట్టింది. "సార్, మీరిచ్చిన జవాబులో మూడో ఏడు 8,000 అని ఉంది. 8,100 కదా సార్?"

చూసుకున్నా. 8,100 ఏ.